రెండు వర్గమూలానికి ఒక ఉద్యోగం

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక పెద్దాయన భోజనం చేస్తూ, లెక్కల్లో మార్కులు ఎందుకు తగ్గాయని మనవణ్ని నిలదీశాడు. వాడు పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "ఈ ఏ ప్లస్ బీ హోల్ స్క్వేరు నాకెందుకు పనికొస్తుంది తాతయ్యా?" అని ఎదురడిగాడు. "తెలీదురా" అని ఆయన అనేసి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆయన విద్యాశాఖలో చాలా ఎత్తున ఉన్నవాడు. అంత ఎత్తున ఉన్నవాళ్లు తెలియదు అనడానికి నిబంధనలు ఒప్పుకోవు. తెలియనప్పుడు కమిటీ వేయాలి. ఆయన వేశాడు.

కమిటీ వేసవిలో చల్లటి ఊళ్లలోనూ, చలికాలంలో వెచ్చటి ఊళ్లలోనూ కూర్చుని ఆలోచించింది. చివరికి పిల్లలకు లెక్కలు వచ్చినా ఉద్యోగాలు రావడం లేదనీ, అందుకు కారణం లెక్కలకే ఉద్యోగాలు లేకపోవడమనీ కనిపెట్టింది. అలా పుట్టింది గణిత జీవనోపాధి సంధాన పథకం. దాని నినాదం "ప్రతి పాఠానికీ ఒక ఉపాధి". మా బడి గోడమీద ఆకుపచ్చ రంగుతో రాయించారు. పక్కనే ఉన్న "ఇక్కడ మూత్ర విసర్జన చేయరాదు" కంటే పెద్ద అక్షరాలతో రాయించారు.

మాది తూములపాడు. చుట్టూ రొయ్యల చెరువులు, మధ్యలో ఊరు, ఊరి చివర మా ఉన్నత పాఠశాల. నేను అక్కడ లెక్కల మేస్టారిని. పథకం మీద మాకు శిక్షణ ఇవ్వడానికి జిల్లా నుంచి ప్రత్యేకాధికారి పరాంకుశం గారు వచ్చారు. తెల్లని సఫారీ, మెడలో గుర్తింపు కార్డు, నోట్లో ఎప్పుడూ ఒక పెద్ద మాట.

"ఉపాధ్యాయ మిత్రులారా! ఈ పథక స్ఫూర్తిని క్షేత్రస్థాయిలో త్రికరణశుద్ధిగా అమలుపరచవలసిన గురుతర బాధ్యత మీ భుజస్కంధాల మీద ఉంది. ఇకమీదట ఏ పాఠమైనా చెప్పే ముందు, ఆ పాఠాన్ని తన వృత్తిలో వాడుతున్నట్టు స్థానికుడైన ఒక వృత్తిదారుడి నుంచి వినియోగ ధ్రువపత్రం తీసుకోవాలి. సంతకం, ముద్ర తప్పనిసరి. ధ్రువపత్రం లేని పాఠం తక్షణం నిలుపుదల. రెండో అంశం. ప్రతి విద్యార్థీ ఒక వృత్తిని ఎంచుకోవాలి. ఆ వృత్తికి ధ్రువపత్రం ఉన్న పాఠాలు మాత్రమే ఆ విద్యార్థికి చెప్పాలి. మిగతావి చెబితే ప్రజాధనం దుర్వినియోగం కింద పరిగణించబడుతుంది."

నాకు నోరు ఊరుకోదు. లేచి, "మరి నిరూపణలు ఏం చేయమంటారండీ? సిద్ధాంతం రాసి, సాధించి, చివర నిరూపించబడినది అని రాయిస్తాం కదా?" అన్నాను.

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. "మేస్టారూ, నా యావత్ సర్వీసులో నేను ఏ విషయాన్నీ నిరూపించవలసిన ఆవశ్యకత ఉత్పన్నం కాలేదు. నా పై అధికారులకు కూడా కాలేదు. ఏ ఉద్యోగంలోనూ లేనిదాన్ని పిల్లల నెత్తిన రుద్దడం దేనికి?"

ఆ మాటకు హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం.

సర్క్యులరు నా బల్లమీదికి వచ్చిన రోజున నేను పదో తరగతిలో రెండు వర్గమూలం గురించి చెబుతున్నాను. దాన్ని ఏ రెండు పూర్ణసంఖ్యల భిన్నంగానూ రాయలేమని నిరూపించే పాఠం అది. రాయగలమనే అనుకుందాం అని మొదలుపెట్టి, ఆ అనుకున్నదాన్ని ఎటూ కదలలేని మూలకు తరుముతాం. నేను సగం తరిమి ఉన్నాను. హెడ్మిస్ట్రెస్ హైమావతి గారు గుమ్మంలో నిలబడి, "ఆపేయండి మేస్టారూ, దానికి ధ్రువపత్రం లేదు" అన్నారు. చేతిలో సుద్దముక్క అలాగే ఉండగా ఆపేశాను.

"సార్, మిగతా సగం ఎప్పుడు చెప్తారండి?" అని మూడో బెంచీలోంచి వీరవేణి అడిగింది.

వీరవేణి గురించి చెప్పాలి. ఆ పిల్ల తల్లి రమణమ్మ రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పని చేస్తుంది. తండ్రి చేపల లారీ మీద వెళ్తాడు, వారానికోసారి కనిపిస్తాడు. ఈ పిల్లకు లెక్క వస్తే చాలదు, అది ఎందుకు అలా వచ్చిందో తెలియాలి. తెలియకపోతే అన్నం సయించదు. ఇన్నేళ్లలో నాకు అలాంటి పిల్లలు చాలా తక్కువమంది తగిలారు. అందుకే ఆ పిల్లంటే నాకు ఇష్టం. దాచుకోవడం దేనికి?

వృత్తులు ఎంచుకునే రోజు వచ్చింది. క్రికెట్ ఆడతానన్న కుర్రాళ్లకు సగటు పాఠం ఒక్కటే వచ్చింది. బ్యూటీ పార్లర్ పెడతానన్న పిల్లకు వృత్తాలూ, స్పర్శరేఖలూ వచ్చాయి. కనుబొమ్మల విషయంలో అవి పనికొస్తాయని పార్లరావిడ ముద్ర వేసి ఇచ్చింది. రాజకీయాల్లోకి వెళ్తానన్నవాడికి సమితులు, అందులోనూ కలపడం, విడదీయడం వరకే. వీరవేణి మాత్రం తన గడిలో "ఇంకా తెలీదు" అని రాసింది.

జిల్లా కంప్యూటరుకు తెలియకపోవడం అనే వృత్తి లేదు. గడి ఖాళీ అనుకుని, ఆడపిల్ల కాబట్టి దానంతట అదే "గృహ నిర్వహణ" అని నింపేసుకుంది. గృహ నిర్వహణకు మూడు విషయాలే ఉన్నాయి. పాలు లీటర్లలో కొలవడం, గది నేల వైశాల్యం, చీరల మీద తగ్గింపు శాతం.

అదైనా నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ సర్క్యులరు చివరి పేజీలో ఇంకో ముక్క ఉంది. పదో తరగతి లెక్కల పరీక్ష కూడా వృత్తి ప్రకారమే ఉంటుంది. అన్ని పాఠాలూ లేని వృత్తివాళ్లకు ఇంటర్మీడియట్‌లో లెక్కల గ్రూపు ఇవ్వరు. అంటే వీరవేణి లెక్కలు ఆ ఏడాదితో సరి.

రమణమ్మ షెడ్డు నుంచి నేరుగా బడికి వచ్చింది. చేతులకు ఇంకా రొయ్యల వాసన. "ఏటి సారూ, చీరల మీద తగ్గింపు దీనికి చెప్పాలాండీ? చీర కొంటే కదా. ఏదో ఒకటవ్వమనండి సార్, ఏదైనా పరవాలేదు. లెక్కలు మాత్రం ఆపకండి. దీనికి అదొక్కటే కదండీ ఉన్నది." ఆ మాట తర్వాత ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను.

వృత్తి మార్చుకోవడానికి ఒక దారి ఉంది. పుస్తకంలో ఉన్న పద్నాలుగు పాఠాలూ వాడే వృత్తి ఏదో కనిపెట్టి, ధ్రువపత్రాలు తెస్తే చాలు. మర్నాడే సైకిలు తీశాను.

మొదట మండల ఇంజినీరుగారి దగ్గరికి వెళ్లాను. లెక్కలకు పుట్టినిల్లు అదే కదా అనుకున్నాను. ఆయన వర్గ సమీకరణం అనే మాట వినగానే కుర్చీలో వెనక్కి జరిగారు. "మేస్టారూ, దాన్ని నేను ఆఖరుసారి చూసింది మూడో సంవత్సరం సప్లిమెంటరీలో. ఇప్పుడు సంతకం పెట్టి మళ్లీ గుర్తు చేసుకోమంటారా?"

"మరి వంతెనల లెక్కలు ఎవరు చేస్తారండీ?"

"కాంట్రాక్టరు చేసుకొస్తాడు. నేను కింద సున్నాలు సరిపోయాయో లేదో చూస్తాను. సున్నాల వరకైతే ఎన్ని ధ్రువపత్రాలు కావాలన్నా ఇస్తాను."

బ్యాంకు మేనేజరు అంతా సిస్టమే చూసుకుంటుందన్నాడు. సిస్టం పనిచేయని రోజున ఏం చేస్తారని అడిగితే, ఆ రోజు తామూ పనిచేయమన్నాడు. పోనీ, నిరూపణలు వాడే వృత్తైనా దొరుకుతుందేమో అనుకున్నాను. దానికి కోర్టే దిక్కని ప్లీడరు భీమశంకరం గారి గుమ్మం ఎక్కాను.

"నిరూపించడమా?" అన్నారాయన, ఏదో కూడని మాట విన్నట్టు. "అది మా వృత్తికే విరుద్ధం మేస్టారూ. నిరూపించేస్తే కేసు అయిపోతుంది. కేసు అయిపోతే క్లయింటు ఇంటికి పోతాడు. మేం వాయిదా తీసుకుంటాం. వాయిదా మీద ఏమైనా పాఠం ఉంటే చెప్పండి, ఇప్పుడే సంతకం పెడతాను."

పోలీసు స్టేషన్లో ఎస్సై మర్యాదగా కుర్చీ వేయించాడు. "మాకు నిరూపణతో పనేముందండీ? మా దగ్గర వాళ్లంతట వాళ్లే ఒప్పేసుకుంటారు" అని టీ తెప్పించాడు. నేను టీ తాగి వచ్చేశాను.

ఊరంతా తిరిగి, తిరిగి, నాకొక సంగతి అర్థమైంది. పరాంకుశం గారే రైటు. ఇన్నేళ్లూ నేను ఎవరికీ అక్కరలేని సరుకును పిల్లలకు అంటగడుతున్నాను. అంత కోపం నాకెప్పుడూ రాలేదు, ఎవరి మీద రావాలో మాత్రం తెలియలేదు. ఆ కోపంలోనే సైకిలు తొక్కుతుంటే అవధానుల సిద్ధాంతిగారి అరుగు మీద బోర్డు కనిపించింది. జాతకం, ముహూర్తం, వాస్తు. గడ్డిపోచైనా పట్టుకుందామని దిగాను.

సిద్ధాంతిగారు విషయం అంతా విని, "ఎన్ని పాఠాలు?" అన్నారు.

"పద్నాలుగండీ."

"పద్నాలుగేనా?" అని నిరుత్సాహపడి, రబ్బరు స్టాంపు తీసి ముద్రలు కొట్టడం మొదలుపెట్టారు. బహుపదులకు ఒకటి, త్రికోణమితికి ఒకటి, శ్రేఢులకు ఒకటి. ఆయన చెయ్యి ఆగడం లేదు.

నాకే మనసొప్పక, "అయ్యా, సంభావ్యత అంటే ఏమిటని ఒక్క మాటైనా అడగరేం?" అన్నాను.

"అడిగితే సంతకం పెట్టగలనా మేస్టారూ?" అన్నారాయన, అతి సహజంగా. "మా వృత్తిలో ఏదీ వాడం అని చెప్పకూడదు. చెప్పామంటే ఆ పూటకి బేరం పోయినట్టే. ఇంతకీ ఈ మధ్య జాతకాలన్నీ లోపల కంప్యూటరే వేస్తోంది. మీట నొక్కితే నలభై పేజీలు. ఆ సంగతి మీ మనసులో ఉంచుకోండి."

అలా వీరవేణి జ్యోతిష్కురాలు అయింది. పథకం పట్టికలో సంప్రదాయ వృత్తుల కింద ఆ పేరు ఉంది కాబట్టి కంప్యూటరు నోరు మూసుకుని ఒప్పుకుంది. ఒప్పుకోనిది వీరవేణే.

"నాకు జాతకాలు రావండి సార్. నమ్మకం కూడా లేదండి. చూపించి చెప్పలేనిది నేనెలా చెప్తానండి?"

"చెప్పక్కరలేదమ్మా, పేరు మటుకే. లెక్కల కోసం."

ఆ పిల్ల తల దించుకుని, సరేనంది. అలా తల దించుకోవడం నాకు నచ్చలేదు. అయినా పాఠం సాగింది. నియమం ప్రకారం నేను వీరవేణి ఒక్కదానికే చెప్పాలి. మిగతా నలభైమందీ ఆ గంటసేపు కిటికీ వైపు తిరిగి కూర్చోవాలి. మూడు రోజులు తిరిగారు. వద్దన్న పని మీదే కదా ఎవరికైనా ఆశ. నాలుగో రోజుకల్లా క్రికెట్ వాళ్లూ, పార్లర్ పిల్లా, రాజకీయ నాయకుడూ అందరూ జ్యోతిష్యానికి దరఖాస్తు పెట్టుకున్నారు. నా సర్వీసులో పిల్లలు లెక్కల కోసం అర్జీ పెట్టుకోవడం అదే మొదలు.

దాంతో జిల్లాలో గగ్గోలు పుట్టింది. ఒక్క ఊరి నుంచి ఒకే తరగతిలో ఇంతమంది జ్యోతిష్కులేమిటని, స్వయంగా పరాంకుశం గారే జీపులో దిగారు. హెడ్మిస్ట్రెస్ గదిలో కూర్చుని, సఫారీ సర్దుకుని, కంఠం సవరించుకున్నారు.

"నియమావళి ప్రకారం ప్రథమ అభ్యర్థిని తన వృత్తి నైపుణ్యాన్ని ప్రదర్శించవలసి ఉంటుంది. ప్రదర్శన సంతృప్తికరంగా లేని పక్షంలో సదరు అభ్యర్థినిని పూర్వ వృత్తికి, అనగా గృహ నిర్వహణకు, పునరుద్ధరించడం జరుగుతుంది. మిగిలిన దరఖాస్తులు తిరస్కరించబడతాయి."

వీరవేణిని పిలిపించారు. ఆ పిల్ల నా పక్కన నిలబడింది. ఓణీ కొంగు పిడికిట్లో నలిగిపోతోంది. పద్నాలుగు ముద్రలూ తెచ్చి నేనే ఆ పిల్లను ఇక్కడ నిలబెట్టానన్న బాధ మనసును తొలిచేస్తోంది.

పరాంకుశం గారు డ్రైవర్ని బయటికి పంపారు. అటెండర్ని టీకి పంపారు. తలుపు దగ్గరగా వేయించారు. తరువాత గొంతు తగ్గించారు. ఆ తగ్గిన గొంతులో పెద్ద మాటలేవీ లేవు.

"అమ్మా, నాకు ప్రమోషన్ రావాలి. ఎప్పట్నుంచో రావడం లేదు. వస్తుందా?"

ఇదా ప్రదర్శన! నేనూ, హైమావతి గారూ ముఖాలు చూసుకున్నాం. వీరవేణి మాత్రం కొంచెం ఆలోచించి అడిగింది. "ఖాళీలు ఎన్నున్నాయండి?"

"రెండు."

"ఎంతమంది అడుగుతున్నారండి?"

"పదహారు మందిమి."

"అందరికీ అర్హత ఒకటేనాండి?"

"అంతా ఒకటే. ఎవరికీ ఏమీ రాదు" అన్నారు, ఆ గదిలో మొదటిసారిగా నిజం చెబుతూ.

"అయితే మీకు ఎనిమిదిలో ఒక వంతు అవకాశం ఉందండి."

ఆయన ముఖం పాలిపోయింది. "ఒక వంతేనా? మరి ఏడు వంతుల అడ్డు ఎవరిదమ్మా? శనిదా? రాహువుదా? పరిహారం ఏమిటి? ఎంత కష్టమైనా చేస్తాను."

వీరవేణి నావైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. నిజం చెప్పమనడానికి నాకు ధైర్యం లేదు. అబద్ధం చెప్పమనడానికి ముఖం లేదు.

"ఈ ఆలస్యం ఎప్పట్నుంచి ఎక్కువైందండి?" అంది ఆ పిల్ల, నెమ్మదిగా.

ఆయన వేళ్లమీద లెక్కపెట్టుకుని, ఉలిక్కిపడ్డారు. "ఈ పథకం నా చేతికి వచ్చిన దగ్గర్నుంచే!"

"సగంలో ఆపేసిన చదువు మీ చేతిలో ఉందండి. సగంలో ఆపిన పని చేతిలో ఉంటే వేరే పని కూడా ముందుకెళ్లదంటారు కదండి పెద్దోళ్లు. ఆపిన పాఠాలన్నీ మళ్లీ మొదలుపెట్టించాలండి. నిరూపణలతో సహా. అందరు పిల్లలకీనండి."

"ఈ బడిలోనా?"

"మీ ఉద్యోగం జిల్లా అంతటికీ కదండి" అంది వీరవేణి.

హైమావతి గారు అప్పటికప్పుడు ఏదో వెతుకుతున్నట్టు బీరువా తలుపు తీసి, దాని చాటున తల పెట్టి, భుజాలు కదిలేలా నవ్వుకున్నారు. పరాంకుశం గారు లేచి నిలబడి, తెలియకుండానే వీరవేణికి నమస్కారం పెట్టేశారు. పెట్టాక తనే సిగ్గుపడి, దాన్ని జేబులో పెన్ను సర్దుకోవడంగా మార్చారు.

వారం తిరగకుండా కొత్త సర్క్యులరు వచ్చింది. "క్షేత్రస్థాయి పరిశీలనలోనూ, తదనంతర ఉన్నతస్థాయి సమీక్షలోనూ వెల్లడైన సూక్ష్మ కారణాల దృష్ట్యా, నిలుపుదల చేయబడిన సమస్త పాఠాలనూ, నిరూపణలతో సహా, జిల్లాలోని సమస్త విద్యార్థులకూ తక్షణం పునఃప్రారంభించవలసిందిగా ఇందుమూలంగా ఆదేశించడమైనది." ఆ సూక్ష్మ కారణాలేమిటో అడిగే ధైర్యం జిల్లాలో ఎవరికీ లేకపోయింది. దాంతో పరీక్ష కూడా అందరికీ ఒకటే అయింది. వీరవేణికి లెక్కల గ్రూపు దక్కింది. రమణమ్మ బడికి వచ్చి నా చేతిలో పచ్చిరొయ్యల పొట్లం పెట్టి వెళ్లింది. నేను నీచు ముట్టనని చెప్పడానికి నోరు రాలేదు.

ఇంతటితో కథ అయిపోయిందనుకున్నాను. కానీ ఎనిమిదిలో ఒక వంతు అన్నది అప్పుడప్పుడు పడుతూనే ఉంటుంది. పరాంకుశం గారికి నిజంగానే ప్రమోషన్ వచ్చేసింది.

ఆ మరుసటి సోమవారం నేను రెండో గంట చెబుతుండగా బడి ముందు మూడు జీపులు ఆగాయి. వరండాలో బెంచీ మీద జిల్లా అధికారులు, పంచె కట్టిన పెద్దలు కొందరు, చేతుల్లో జాతకాలతో వరసగా కూర్చున్నారు. హైమావతి గారు తరగతిలోకి తొంగిచూసి, "వీరవేణీ, ఒకసారి రామ్మా. పాపం ఎంతో దూరం నుంచి వచ్చారు" అన్నారు.

వీరవేణి లేవలేదు. "సార్, నేను ఆవేళ అబద్ధం చెప్పానండి" అంది నాతో, గొంతులో బెంగతో.

నాకూ అదే మనసులో మెదులుతోంది. "పోనీ ఇప్పుడు వెళ్లి నిజం చెప్పేయమ్మా. జాతకం లేదు, గ్రహం లేదు, ఉత్త అవకాశం లెక్క అని. లెక్కలు పిల్లలందరికీ ఎందుకు కావాలో కూడా చెప్పు. నువ్వు చెబితే వింటారేమో."

ఆ పిల్ల వరండా వైపు ఒకసారి చూసింది.

"నిజం చెప్తే ధ్రువపత్రం తెమ్మంటారండి సార్. ఆవేళ నేను చెప్పినదానికి ఎవరూ అడగలేదు కదండి."

వీరవేణి పుస్తకం మూసి, ఓణీ సర్దుకుని, వరండాలోకి వెళ్లింది. మొదట కూర్చున్న అధికారి గబుక్కున లేచి, కాగితం చాపాడు. ఆ పిల్ల దాన్ని తీసుకోలేదు.

"అది అక్కర్లేదండి. మీ చేతిలో సగంలో ఆపేసిన పని ఏమైనా ఉందాండి?"

అధికారి అటూ ఇటూ చూశాడు. మా బడి వెనకాల మొండిగోడల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మీ ఆడపిల్లల బాత్రూములేనమ్మా" అన్నాడు.